నాలుగు తలకట్లు

నలభై ఆరో వరుస దాకా పని ఆగకుండా సాగింది. "వేముల సుబ్బిగాడు, వయస్సు సుమారు ముప్పది, పెట్టిన పేరు దేవదానము" అని టైపు చేసి, రాజేశ్వరమ్మ ల్యాప్‌టాప్ తెర మీది పేజీని ఒక వరుస పైకి జరిపింది. ఉదయం ఆరున్నర. డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క మీగడ కట్టిన కాఫీ, మరో పక్క తెల్లకాగితాల దొంతర. తెర మీద అక్షరం తేలకపోతే ఆమె పెన్ను తీసుకుని కాగితం మీద అదే వంపుతో, అదే వేగంతో రాసి చూస్తుంది. రెండు మూడుసార్లు రాసేసరికి అది 'ళ'యో 'శ'యో చేతికే తెలిసిపోతుంది.

అది 1893 నాటి బాప్తిస్మాల రిజిస్టరు. గుంటూరు వైపు గాదెలపాలెం అనే పల్లెలోని మిషను చర్చిది. అసలు పుస్తకం ఎక్కడో అట్టపెట్టెలో భద్రంగా ఉంది. ఆమె ముందున్నవి దాని ఫొటోలు. తాతముత్తాతల పేర్లు వెతుక్కునేవారి కోసం ఇలాంటి పాత పుస్తకాలను చదివి టైపు చేసే పని అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో లైబ్రరీకి వచ్చే పదిహేను మంది స్వచ్ఛందంగా చేస్తున్నారు. మిగతావాళ్ళంతా జర్మన్, పోలిష్ చర్చిల పుస్తకాలు చూస్తారు. తెలుగు పుస్తకం ఇదొక్కటే. ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా చదవాలన్నది నియమం. ఆమెకంటే ముందు ఈ పేజీని దూరాన టెక్సస్‌లోని కాపెల్‌లో ఉండే రవికుమార్ అనే ఇంజనీరు ఆన్‌లైన్‌లో చదివాడు. అతను చదివింది పక్క గడిలో కనిపిస్తూనే ఉంటుంది, కానీ తన వంతు పూర్తయ్యేదాకా రాజేశ్వరమ్మ అటు చూడదు.

కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ ఆ చర్చిలో బోధించే ఆనాటి ఉపదేశి రాసుకుపోయిన గొలుసుకట్టు రాత అది. ఈ కాలంవాళ్ళకు చిక్కుపడిన నూలులా కనిపిస్తుంది. రాజేశ్వరమ్మ మాత్రం ఆ చిక్కులోనే పెరిగింది. వాళ్ళ నాన్న రేపల్లెలో దస్తావేజు లేఖరి. ఆమె ఇరవై ఏళ్ళకే అక్కడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరింది. జనం తెచ్చిన దస్తావేజులను లావుపాటి బైండు పుస్తకాల్లోకి చేత్తో ఎత్తిరాయడమే ఆ ఉద్యోగం. పదిహేనేళ్ళు రాసింది. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. ఒక సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి ఆమె బల్ల మీది సిరాబుడ్డి తీసేసి ఉంది. ఆమెను తపాలా చూసే సెక్షన్‌కి మార్చారు. ఆపైన నాలుగేళ్ళకు, కార్ల విడిభాగాలకు అచ్చులు తయారుచేసే పనిలో భర్త రాధాకృష్ణకు మిషిగన్‌లో ఉద్యోగం దొరికి, కూతురితో సహా ముగ్గురూ ఇక్కడికి వచ్చేశారు.

"ఆ దేవదానంగారు ఇవాళైనా మనల్ని టిఫిన్ తిననిస్తాడా?" అంటూ రాధాకృష్ణ స్టవ్ దగ్గర్నుంచి పలకరించాడు. రిటైరయ్యాక ఉదయం పూట ఉప్మా ఆయన చేతిదే.

"ఆయనది అయిపోయిందండీ. ఒక్క వరుస చూసి వస్తున్నా."

నలభై ఏడు. "బత్తుల పోలిగాడి కూతురు" అని చదివేసరికి ఆమె వేలు తెర మీద ఆగిపోయింది. బత్తుల అన్న ఇంటిపేరు కోసమే సిస్టరు గారు రెండేళ్ళుగా ప్రతి గురువారం లైబ్రరీకి వస్తున్నారు. సిస్టరు గారి పేరు జ్ఞానమణి. ఎనభై నాలుగేళ్ళు. డెట్రాయిట్ ఆసుపత్రుల్లో నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ అమ్మమ్మ బత్తుల రత్నమ్మ ఈ గాదెలపాలెం చర్చిలోనే బాప్తిస్మం తీసుకుందని ఇంట్లో చెప్పుకునేవారు. సంవత్సరం తెలియదు, తండ్రి పేరు తెలియదు. రిజిస్టర్‌లో బత్తులవాళ్ళు ఇప్పటికి ముగ్గురు తగిలారు. ముగ్గురూ మగవాళ్ళే.

రాజేశ్వరమ్మ ఊపిరి బిగబట్టి గడి గడీ చదివింది. వయస్సు పదకొండు. పూర్వపు పేరు ఒకటి. పెట్టిన పేరు, రెబ్కా.

రత్నమ్మ కాదు. ఆమె భుజాలు కిందికి జారాయి. చివర 'వివరములు' అన్న గడిలో, మిగతావాళ్ళందరికీ 'నిశాని' అని రాసి, సంతకానికి బదులు గీతో చుక్కో పెట్టిన చోట, ఈ వరుసకు మాత్రం ఆ మాట లేదు. వంకరటింకరగా కొన్ని సున్నాలు, వాటి మీద ఎక్కడో దూరంగా కొన్ని పుల్లల్లాంటి గీతలు. ఆమె కాగితం మీద అలాగే గీసి చూసింది. చేతికి ఏమీ తెలియలేదు. పక్క గడి తెరిచింది. రవికుమార్ "సిరా మరకలు. కలం పనిచేస్తుందో లేదో చూసుకున్నట్టున్నారు" అని రాశాడు.

అంతే అయ్యుంటుంది అనుకుని ల్యాప్‌టాప్ మూసింది. ఇవాళ సిస్టరు గారికి నోవైలో చివరి రోజు. టెక్సస్ నుంచి కూతురు వచ్చి, ఇల్లు ఖాళీ చేయించి, రాత్రి ఏడున్నర విమానానికి ఆవిడను తీసుకుపోతోంది. కాపెల్‌లో కూతురింటికి పది నిమిషాల దూరంలో పెద్దవాళ్ళు ఉండే చోట ఒక గది తీసుకున్నారు. ఆవిడకు చూపించడానికి ఒక్క వరుస కూడా దొరకలేదే అన్న బాధతోనే రాజేశ్వరమ్మ ఉప్మా తిన్నది.

తొమ్మిదిన్నరకు ఆమె స్కూల్ వంటగదిలో ఉంది. జుట్టుకు వల, చేతులకు నీలం గ్లవ్స్, నడుముకు పెద్ద ముడితో ఏప్రన్. పదకొండేళ్ళుగా ఇదే ఎలిమెంటరీ స్కూల్. పిల్లలు ఆమెను మిస్ రాజీ అంటారు. ఆమె పెట్టే చెంచాడు మొక్కజొన్న గింజలు ఒక పళ్ళెంలో ఎక్కువా ఇంకో పళ్ళెంలో తక్కువా ఉండవు. మొదట్లో, రాత బాగుందని, గోడమీది బోర్డు మీద ఆ రోజు వంటకాలు రాసే పని కూడా ఆమెకే ఇచ్చారు. కలిపిరాతలో, సన్నని వంపులతో, పెళ్ళి శుభలేఖ రాసినట్టు రాసింది. వారం తరువాత వంటగది పెద్ద డోనా వచ్చి, కలిపిరాత ఈ పిల్లలెవరికీ చదవడం రాదని, విడివిడి అక్షరాలతో రాయమని నవ్వుతూ చెప్పింది. రాజేశ్వరమ్మ కూడా నవ్వింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి, ఉపయోగించని డైరీ ఒకటి తీసి నాలుగు పేజీలు గొలుసుకట్టులో సరుకుల చీటీలు రాసుకుంది. ఎవరికీ అక్కరలేని విద్య చేతిలో ఉండిపోతే ఆ చెయ్యి ఊరుకోదు.

ఆ చెయ్యిని పట్టుకున్నది రేష్మ. రేష్మ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగం చూస్తుంది. రెండేళ్ళ కిందట గోడకు ఈ రిజిస్టర్‌లోని ఒక పేజీ ఫొటో అతికించి, దీన్ని చదవగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కింద రాసి పెట్టింది. పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వచ్చిన రాజేశ్వరమ్మ చేతిసంచీ భుజానే ఉంచుకుని, ఆ పేజీ మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. కౌంటర్ వెనకనుంచి రేష్మ పరిగెత్తుకుంటూ వచ్చి, "ఆంటీ, ఆగండి, ప్లీజ్, మళ్ళీ స్టార్ట్ నుంచి చదవండి" అంటూ ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. ఆ సాయంత్రం రాజేశ్వరమ్మ కారు నడుపుతూ పాట పాడుకుంది. అమెరికా వచ్చాక కారులో పాడటం అదే మొదలు.

పదింబావుకు వంటకాల వేడి చూసే వేళయింది. గిన్నెలన్నిటిలో థర్మామీటరు గుచ్చి, సరిపడా వేడి ఉందో లేదో ఒక షీటులో నమోదు చేయాలి. నగ్గెట్స్, మొక్కజొన్న, బీన్స్, మాకరోనీ. ముందు నాలుగు అంకెలూ వేసి, వాటికి సున్నాలు చుట్టింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని డోనా దూరం నుంచే బొటనవేలు చూపించాక, సున్నాల మీద వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తొందరలో టిక్కులు కాస్త పైకి, కాస్త కుడికి పడ్డాయి.

ఆమె పెన్ను ఎత్తిపట్టుకుని ఆ షీటు వంకే చూస్తూ నిలబడిపోయింది.

కింద సున్నాలు. పైన, వాటికి అంటకుండా, దూరంగా టిక్కులు.

తలకట్లు!

రేపల్లె ఆఫీసు కళ్ళముందు కదిలింది. పొలం అమ్మడానికి వచ్చిన కోటమ్మ అనే ముసలావిడ ఒకరు వేలిముద్ర వేయనని పంతం పట్టింది. మనవరాలు సంతకం నేర్పిందట. ఎండలో నుంచి వచ్చిన చేత్తో పెన్ను గడ్డపారలా పట్టుకుని, పేరులోని అక్షరాల గుండ్రాలన్నీ ముందు దించింది. ఆనక ఊపిరి తీసుకుని, గిన్నెల మీద మూతలు పెట్టినట్టు, ఎడమనుంచి కుడికి తలకట్లు పెట్టుకుంటూ వెళ్ళింది. ఒక తలకట్టు పక్క అక్షరం మీద పడింది. రిజిస్ట్రారు గారు గడియారం చూసుకుంటుంటే, కాగితం జారిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నది రాజేశ్వరమ్మే. సంతకం నేర్చుకునేవాళ్ళు అక్షరాన్ని రాయరు, బొమ్మలా వేస్తారు. పదిహేనేళ్ళలో అలాంటివి ఆమె వందలు చూసింది. పొద్దున తన చేతికి ఎందుకు తెలియలేదో ఇప్పుడు అర్థమైంది. తను గుమాస్తా వేగంతో రాసి చూసింది. అది గుమాస్తా చెయ్యే కాదు.

నాలుగు గుండ్రాలు. నాలుగు తలకట్లు. ఏ నాలుగు అక్షరాలు? పొద్దున్నే గీసి చూసింది కాబట్టి ఆ వంకర్లు ఆమెకు గుర్తున్నాయి. షీటు వెనక మెల్లగా వేసింది. మొదటిది సున్నాలాంటిది. రెండోదానికి లోపల చిన్న మెలిక. మూడోది ఎడమవైపు తిరిగింది. నాలుగోదానికి పక్కన కొమ్ములా ఒక కొస. వాటి మీద తలకట్లు ఎక్కడివక్కడ పెట్టింది.

"మిస్ రాజీ, ఏమైంది? బాగానే ఉన్నావా?" డోనా దగ్గరికి వచ్చి అడిగింది.

"ఒక అమ్మాయి దొరికింది," అంది రాజేశ్వరమ్మ. ఆమె కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు. "నూట ముప్ఫై ఏళ్ళుగా దొరకని అమ్మాయి."

డోనాకు ఏమీ అర్థం కాలేదు కానీ, ఆ నవ్వు చూసి తనూ నవ్వి, ఏప్రన్ మీది చెయ్యి ఆమె భుజం మీద వేసింది. ఆ పూట రెండు వందల నలభై మంది పిల్లలు వరసగా పళ్ళేలు పట్టుకుని వచ్చారు. పదకొండేళ్ళలో మొదటిసారి, మిస్ రాజీ కొందరికి మొక్కజొన్న రెండేసి చెంచాలు వేసింది.

రెండు గంటలకు లైబ్రరీ పార్కింగ్‌లో నల్లబడిన మంచుకుప్పలు నీళ్ళు కారుతున్నాయి. మార్చి చివరి వారం. రాజేశ్వరమ్మ జుట్టువల తీయడం మరిచిపోయి అలాగే లోపలికి వెళ్ళింది. చరిత్ర విభాగంలో, కిటికీ దగ్గరి పొడవాటి బల్ల ముందు జ్ఞానమణి గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. బూడిదరంగు కోటు, మెడకు చుట్టిన ఉన్ని మఫ్లరు, తెల్లజుట్టు బిగించి వేసిన ముడి. నర్సుగా ఉన్నప్పటి అలవాటు ప్రకారం చేతిగడియారం లోపలివైపుకు తిప్పి పెట్టుకుంటారు.

"అమ్మాయ్, లేట్ చేశావు. ఇవాళ నా దగ్గర టైమ్ లేదు. నాలుగున్నరకల్లా షీలా వచ్చి మీద పడుతుంది," అని, ఆమె తల వంక చూసి, "అదేంటి, ఆపరేషన్ థియేటర్లోంచి వచ్చావా?" అన్నారు.

రాజేశ్వరమ్మ వల తీసి సంచిలో పడేసి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సిస్టరు గారూ, మీ అమ్మమ్మ గారి గురించి మీకు తెలిసిందంతా ఇంకోసారి చెప్పండి. చిన్నదైనా వదలకండి."

"ఎన్నిసార్లు చెప్పానే! బత్తులవారి పిల్ల. గాదెలపాలెం. నేను పుట్టకముందే పోయింది." ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. "ఒకటి నీకు చెప్పలేదులే. చెప్పడానికి సిగ్గేసింది. మా అమ్మ అంటుండేది, చర్చిలో పుస్తకం తెరిస్తే మీ అమ్మమ్మ తన పేరు తనే రాసింది అని. నేను అప్పుడు గుంటూరులో నర్సింగ్ చదువుతున్నా. బాగా తెలిసినదాన్ని కదా! ఆ రోజుల్లో గొడ్లు కాసుకునే పిల్లకి రాయడం ఎలా వస్తుందమ్మా, కథలు చెప్పకు అన్నాను. నవ్వాను కూడా. మా అమ్మ ఇంకేం మాట్లాడలా. చచ్చిపోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలా." మఫ్లరు కొస వేలికి చుట్టుకున్నారు. "పుస్తకం కోసం రెండేళ్ళు ఇక్కడ ఎందుకు కూర్చున్నానంటావ్?"

రాజేశ్వరమ్మ లేచి, రేష్మను పిలిచి, పేజీని గోడమీది పెద్ద తెర మీద వేయమంది. గది సగం దాకా గొలుసుకట్టు రాత పరుచుకుంది. ఒక్కొక్క అక్షరం చెయ్యంత అయింది.

"నలభై ఏడో వరుస," అంది. "బత్తుల పోలిగాడి కూతురు. వయస్సు పదకొండు. పూర్వపు పేరు..." అని ఆగిపోయింది.

"ఆగావేం?"

"అప్పట్లో అలా రాసేవాళ్ళండీ..."

"చదువమ్మా. ఉన్నది ఉన్నట్టు చదువు. మీ రూల్ అదే కదా!"

"పెంటి."

జ్ఞానమణి గారు ఆ మాటను పెదవుల మీదే ఒకసారి అనుకుని చూశారు. రాజేశ్వరమ్మ భయపడినట్టు ఆవిడ ముఖం ముడుచుకోలేదు.

"అంటే ముందు పుట్టినవాళ్ళు దక్కలేదన్నమాట," అన్నారు మెల్లగా. "చావు కన్ను పడకూడదని, పెంటకుప్ప మీద దొర్లించి పెట్టిన పేరు అది. ఈ పిల్ల అన్నా బతకాలి దేవుడా అని వాళ్ళమ్మ ఎంత కోరుకుందో! బతికింది చూడు, మమ్మల్నందర్నీ కనిపెంచింది."

"పెట్టిన పేరు, రెబ్కా."

"రెబ్కానా? మరి మా అమ్మమ్మ కాదుగా?"

"ఆగండి. రేష్మా, చివరి గడి పెద్దది చెయ్యమ్మా."

రేష్మ జూమ్ చేసింది. తెర నిండా నాలుగు గుండ్రాలు, వాటి మీద ఎగిరిపోతున్న పక్షుల్లా నాలుగు గీతలు. రాజేశ్వరమ్మ తెర దగ్గరికి వెళ్ళి, పిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్కదాని మీద వేలు పెట్టింది.

"ఈ పైవి మరకలు కాదు, తలకట్లు. అక్షరాలన్నీ అయిపోయాక చివర్లో పెట్టింది. అందుకే జరిగిపోయాయి. వీటిని కిందికి దించి చదవండి. ర. త. న. మ."

రేష్మ మౌస్ వదిలేసి తెర దగ్గరికి వచ్చింది.

"రతనమ," అంది రాజేశ్వరమ్మ. "ఒత్తులు ఇంకా నేర్చుకోనట్టుంది. అందుకని వచ్చినంత రాసుకుంది. రెబ్కా అని వాళ్ళు రాసుకున్నారు. తన పేరు తను రాసుకుంది."

"ఓ మై గాడ్," అంది రేష్మ. "ఆంటీ, మీరు షూరా? ఇది వెరీ బిగ్ థింగ్."

"ఇంకోటుంది. ఈ కింద సన్నగీత చూడు, దీన్ని నేనూ పొద్దున గీతే అనుకున్నా. ఇంత పెద్దగా చూస్తే గీత కాదు, ఉపదేశి రాత. చోటు లేక చీమంత అక్షరాలతో ఇరికించాడు." ఆమె కళ్ళజోడు సవరించుకుని, ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వెళ్ళింది. పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది. లైబ్రరీలో గట్టిగా నవ్వకూడదని కూడా గుర్తు రాలేదు.

"ఏమిటే? ఏమని రాశాడు?"

"వలదన్నను వ్రాసినది."

జ్ఞానమణి గారు బల్ల మీద అరచేత్తో చరిచారు. చరిచి, తల వెనక్కి వాల్చి, ముసలి ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. రేష్మ టిష్యూల డబ్బా తెచ్చింది. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, మఫ్లరుతోనే ముఖం తుడుచుకున్నారు.

"వద్దన్నా రాసింది! వినిందా ఎవరి మాటన్నా? మా అమ్మా అంతే, నేనూ అంతే, మా షీలా సంగతి చెప్పనే అక్కర్లేదు." ఫోన్ తీసి కూతురికి కలిపారు. "షీలా! మా అమ్మ అబద్ధం చెప్పలేదే! నేనే... ఆఁ, ప్యాకింగ్ తర్వాతలే! ముందు నేను చెప్పేది విను."

ఆవిడ ఫోన్‌లో తెలుగూ ఇంగ్లీషూ కలిపి మొత్తం కథ చెబుతుంటే, రాజేశ్వరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని నలభై ఏడో వరుస టైపు చేసింది. వివరాల గడిలో 'రతనమ' అని వేసింది. రేష్మ భుజం మీంచి చూసి, "ఆంటీ, రత్నమ్మ అని కరెక్ట్ చేద్దామా? సర్చ్‌లో ఈజీగా దొరుకుతుంది కదా?" అని అడిగింది.

"వెతికేవాళ్ళ కోసం కింద నోట్ పెట్టుకో. ఇక్కడ మాత్రం వద్దు. ఒత్తులు ఆమె పెట్టలేదు, మనం పెట్టకూడదు."

రేష్మ తలూపింది. కింద 'చదివినవారు' అన్న గడి ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. అది నింపి తీరాలన్న నియమం లేదు. రేపల్లెలో నకళ్ళ కింద చిన్నగా 'రా' అని ఒక్క అక్షరం వేయడమే అలవాటైన ఆమె ఇక్కడ అది కూడా వేసేది కాదు. ఫోన్ పెట్టేసిన జ్ఞానమణి గారు వంగి ఆ ఖాళీ గడి చూశారు.

"ఇదేంటి? ఇక్కడ నీ పేరేది?"

"ఎందుకండీ, నేను చదివింది మాత్రమే కదా!"

"చూడమ్మాయ్. నలభై ఏళ్ళు వార్డుల్లో పనిచేశా. చార్ట్‌లో నర్సు సంతకం లేకపోతే మందు ఇచ్చినట్టే కాదు. రాయి. పూర్తిగా రాయి."

రాజేశ్వరమ్మ కీబోర్డు దగ్గరకు లాక్కుంది. తరువాత ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటున్నట్టు, తన పేరు, ఇంటిపేరు, ఊరి పేరు కూడా వేసింది. కందిమళ్ళ రాజేశ్వరమ్మ, రేపల్లె. వేసి వెనక్కి వాలి చూసుకుంది. తెర మీద ఆ పేరు కొంచెం కొత్తగా, బడిలో చేరిన మొదటి రోజున గౌను వేసుకున్న పిల్లలా ఉంది. చెవులు వేడెక్కాయి. బాగుంది అనుకుంది.

షీలాను రావద్దని చెప్పి, నాలుగున్నరకు రాజేశ్వరమ్మే సిస్టరు గారిని కారులో ఇంటికి తీసుకెళ్ళింది. రేష్మ ప్రింట్ తీసి ఇచ్చిన ఆ పేజీని ఆవిడ ఒళ్ళో పెట్టుకుని, దారి పొడవునా వేలితో గాలిలో తలకట్లు పెడుతూనే ఉన్నారు.

"ఎడమ నుంచేనా పెట్టేది?"

"అవునండీ. కిందికి దించి, పైకి ఎత్తాలి."

"ఇంగ్లీష్‌లో సంతకం పెట్టీ పెట్టీ మరిచిపోయా." సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆవిడ కిటికీ అద్దం మీద ఊది, పట్టిన ఆవిరి మీద రాశారు. 'జ్ఞా' దగ్గర కాసేపు తికమకపడి, చెరిపేసి, 'మణి' అని మాత్రం రాసి ఊరుకున్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇల్లు ఖాళీ అయిపోయి ఉంది. యాభై రెండేళ్ళు ఉన్న ఇల్లు. పటాలు తీసేసిన చోట గోడ మీద తెల్లటి చదరాలు. వాకిట్లో కారు డిక్కీ తెరిచి ఉంది. షీలా యాభై దాటిన మనిషి, చేతిలో ఫోనూ తాళాలూ పట్టుకుని హడావిడిగా తిరుగుతోంది. తల్లిని చూడగానే వచ్చి గట్టిగా కౌగిలించుకుంది.

"మమ్మీ, ఎయిర్‌పోర్ట్‌కి లేట్ అవుతుంది. ఆంటీ, థాంక్యూ సో మచ్. మమ్మీ ఫోన్‌లో ఏడుస్తూ నవ్వుతూ, నాకు సగం అర్థం కాలేదు. ప్లేన్‌లో మళ్ళీ చెప్పమంటా."

"మూడుసార్లు చెప్తా," అన్నారు జ్ఞానమణి గారు. ప్రింట్ తీసిన కాగితాన్ని సూట్‌కేస్‌లో పెట్టనివ్వలేదు. కోటు లోపలి జేబులో పెట్టుకుని పైనుంచి బొత్తాం వేసుకున్నారు. కారు ఎక్కబోతూ ఆగి, రాజేశ్వరమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు.

"మిగిలిన పేజీలు ఎన్ని?"

"నూట తొంభై రెండు."

"అందరినీ చదువు. వాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని ఉంటారు." ఆవిడ ఆమె చెంప తట్టారు. "గ్యారేజ్‌లో నీకొకటి పెట్టాను. టెక్సస్‌లో దాంతో నాకేం పని? మీ ఆయనకి నడుం నెప్పి అన్నావుగా, అందుకని నువ్వే వాడు. నడుం కాదు, మోకాళ్ళు వంచి ఎత్తాలి. సరేనా?"

కారు వెనక్కి తిరిగి వీధిలోకి దిగింది. ముందు సీటు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. వీడ్కోలుగా ఊపడానికనుకుంది రాజేశ్వరమ్మ. ఆ చెయ్యి ఊగలేదు. గాలిలో కిందికి దిగి, పైకి లేచింది. మళ్ళీ దిగి, మళ్ళీ లేచింది. మలుపు తిరిగేలోగా నాలుగుసార్లు. రాజేశ్వరమ్మ వాకిట్లో ఒక్కతే నిలబడి, కారు కనుమరుగయ్యాక కూడా కాసేపు నవ్వుతూనే ఉంది. చలిగాలికి కళ్ళు మండుతున్నాయి. రాధాకృష్ణకు ఫోన్ చేసి, రాత్రికి పాయసం చేస్తానని, పాలు మిగిలి ఉన్నాయో లేదో చూడమని చెప్పింది.

అప్పుడు గ్యారేజ్‌లోకి వెళ్ళింది. నూనె మరకలు తప్ప నేల మీద ఏమీ లేదు. వెనక గోడకు ఆనించి వాకిట్లో మంచు ఎత్తిపోసే పార ఒకటి, అంచు అరిగి ఒక పక్కకు ఒరిగి, చేతులు పట్టుకునే రెండు చోట్లా ఆసుపత్రి తెల్లటేపు వరస మీద వరసగా నీటుగా చుట్టి ఉంది.